ట్రాక్టర్ వెనక నడిచినదాన్ని, ఈ ఏడు సీటెక్కాను

మొక్కజొన్న చేలో సాళ్ళ మధ్య కలుపు తీసే కల్టివేటర్ నడుస్తుంటే దాని వెనకాల నడవడం నా చిన్నప్పటి పని. స్టీరింగ్ నాన్నది, అప్పుడప్పుడు అన్నయ్యది. నా చేతిలో ఒక పుల్ల ఉండేది. కర్రులు ఎగజిమ్మిన మట్టి కింద పడ్డ లేత మొక్కల్ని ఆ పుల్లతో మెల్లగా పైకి తీసి నిలబెట్టాలి. ఒక్క మొక్క వదిలేసినా నాన్నకి ఎలా తెలిసేదో తెలిసేది. నాకు తెలిసిన ట్రాక్టరంతా వెనకవైపు నుంచి చూసిందే: రెండు పెద్ద టైర్లు, పొగ, కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి కర్రుల్ని చూసుకునే నాన్న ముఖంలో ఒక చెంప.

అదే ట్రాక్టర్ మీద ఈ ఏడు నేను కూర్చున్నాను. 2025 ఏప్రిల్ 12న షెడ్డు తలుపు తీశాను, జూన్ 29న కల్టివేటర్‌తో కలుపు తీసే రెండో పాటు ముగించాను. నాలుగు ఎకరాలు, 118 సాళ్ళు. మధ్యలో జరిగింది రాస్తున్నాను. ఇలాంటి పాత బండి ఇంట్లో ఉండి, దాన్ని మళ్ళీ సాళ్ళ మధ్య నడపాలనుకునేవాళ్ళకి నా తప్పులు ఉపయోగపడతాయి.

బండి మాస్సీ ఫెర్గూసన్ 35. 1962 నాటిది, మూడు సిలిండర్ల పెర్కిన్స్ డీజిల్ ఇంజన్. ముందుకి ఆరు గేర్లు, వెనక్కి రెండు. తొమ్మిదేళ్ళుగా షెడ్డులో నిలబడే ఉంది. నాన్నకి మోకాళ్ళు అరిగాక క్లచ్ తొక్కడం కష్టమై పక్కన పెట్టేశాడు. అమ్మేస్తానని ఎప్పుడూ అనలేదు, నడుపుతాననీ అనలేదు.

మొదటి రెండు వారాంతాలూ శుభ్రం చేయడానికే పోయాయి. ఎయిర్ క్లీనర్ అడుగున ఉండాల్సిన నూనె తారులా గడ్డకట్టింది. డీజిల్ ట్యాంకు అడుగున నీళ్ళు, ఆ నీళ్ళ మీద జిగట. రేడియేటర్ రెక్కల నిండా కందిరీగల మట్టిగూళ్ళు. ట్యాంకు విప్పి మూడుసార్లు కడిగాను. ఫిల్టర్లు రెండూ మార్చాను. కొత్త బ్యాటరీ కొన్నాను. అప్పటిదాకా కొన్న సామానంతా కలిపితే ఎంతైందో ఆ ఒక్క బ్యాటరీకే అంతైంది. టూల్ బాక్స్ వెనక మూరెడు పొడుగు ఇనప చువ్వ ఒకటి దొరికింది. ఒక కొస వంచి ఉంది, ఇంకో కొసకి జానెడు గొలుసు వేలాడుతోంది. ఏమిటో అర్థం కాక షెడ్డు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. ఈ చువ్వ సంగతి మళ్ళీ వస్తుంది.

ఏప్రిల్ 27న మొదటిసారి స్టార్ట్ చేయబోయాను. స్టార్టర్ అసలు తిరగలేదు. అరగంట వైర్లన్నీ తడిమాక నాన్న కుర్చీలోంచి అన్నాడు, "హై–లో లివర్ మధ్యలో పెట్టావా?" పెట్టలేదు. ఈ బండికి గేర్లని వేగంగానో నెమ్మదిగానో మార్చే ఆ లివర్ మధ్యలో ఉంటే తప్ప స్టార్టర్‌కి కరెంటు వెళ్ళదు. పెట్టాను, తిరిగింది, కానీ ఇంజన్ అందుకోలేదు. ట్యాంకు విప్పినప్పుడు పైపుల్లోకి గాలి వెళ్ళింది కదా, డీజిల్ రావాలంటే ఆ గాలి పోవాలి. ముందు ఫిల్టర్ మీది స్క్రూ, తర్వాత ఇంజక్షన్ పంపు స్క్రూలు, ఈ వరుసలో వదులు చేస్తూ నురగ పోయి డీజిల్ నిండుగా వచ్చేదాకా, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు చేతి మీటని ఆడించాలి. చివరికి ఇంజెక్టర్ల దగ్గర నట్లు వదులు చేసి స్టార్టర్‌తో ఇంజన్ తిప్పాలి. నేను ఆడిస్తుంటే మీట వదులుగా ఊగుతోంది తప్ప చుక్క రాలేదు. పంపు పోయిందనుకుని కొత్తది తెప్పించాను. ఆరు రోజులు ఎదురుచూపు. మే 3న బిగించాను. అదే ఊగుడు.

మర్నాడు వచ్చిన మెకానిక్ గారు పంపు వైపు చూడనైనా చూడలేదు. స్టార్టర్‌ని ఒక్క క్షణం తిప్పి వదిలి, "ఇప్పుడు కొట్టమ్మా" అన్నారు. మీట బిగువుగా తగిలింది, డీజిల్ వచ్చింది. లోపల పంపుని నొక్కే క్యామ్ సరిగ్గా ఎత్తుగా ఉన్న చోట ఇంజన్ ఆగితే చేతి మీటకి పట్టు దొరకదట. ఇంజన్ కాస్త తిరిగితే చాలు. ఆరు రోజులు, అక్కర్లేని ఒక పంపు. పాత పంపు ఇప్పటికీ అలమరలో ఉంది, ఏ లోపమూ లేకుండా.

మే 4, ఉదయం 11 దాటాక ఇంజన్ పలికింది. ముందు తెల్ల పొగ, తర్వాత ఆ మూడు సిలిండర్ల చప్పుడు. నాలుగు సిలిండర్ల బండిలా జారుగా ఉండదు, ఒక్కో దెబ్బ విడిగా వినిపిస్తుంది. నాన్న కుర్చీ కొంచెం జరుపుకుని కుడి చెవి ఇటు తిప్పి విన్నాడు. ఎడమ చెవి ఆయనకి సరిగా వినపడదు. వయసు వల్ల అనుకునేదాన్ని. ఆ చెవి ఎందుకు పోయిందో నాకు జూన్‌లో అర్థమైంది.

ఇంజన్ ఆడింది గానీ బండి కదల్లేదు. ఏళ్ళ తరబడి నిలబడితే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అతుక్కుపోతుంది. పెడల్ ఎంత తొక్కినా గేరు పడదు, గరగరమంటుంది. ఇంజన్ ఆపి, గేరులో పెట్టి, పెడల్‌ని కర్రముక్కతో అదిమిపెట్టి ఇంకో ట్రాక్టర్‌తో లాగించాం. పది అడుగులు కుదుపుతూ వెళ్ళి టప్పుమని విడిపోయింది. ఆ చప్పుడుకి ఏదో విరిగిందని నా గుండె జారింది.

తర్వాతి భయం లిఫ్ట్. పనిముట్లని ఎత్తే వెనక చేతులు లేవడం లేదు. హైడ్రాలిక్ పంపు పోయిందేమోనని ఒక రాత్రంతా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఈ బండిలో ఆ పంపు వెనక గేరుబాక్సు లోపల, నూనెలో మునిగి ఉంటుంది. తీయాలంటే పెద్ద పని. తీరా చూస్తే ఆ పంపు తిరిగేది పీటీఓ షాఫ్ట్ మీద, అంటే పనిముట్లకి ఇంజన్ శక్తినిచ్చే వెనక ఇరుసు మీద. పీటీఓ లివర్ వేయకపోతే లిఫ్ట్ పనిచేయదు. కొత్త ట్రాక్టర్లకి అలవాటు పడ్డవాళ్ళకి ఈ సంగతి తట్టదు. లివర్ వేశాను, చేతులు నెమ్మదిగా లేచాయి. ఆ రోజు నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

స్టీరింగ్ మాత్రం నిజంగానే పాడైంది. చక్రం పావు వంతు తిప్పినా ముందు టైర్లు కదిలేవి కావు. రోడ్డు మీద అయితే సర్దుకుపోవచ్చు. సాళ్ళ మధ్య ఆ పావు వంతు అంటే మొక్కల మీదికి ఎక్కడమే. నాలుగు బాల్ జాయింట్లు మార్చాం. మెకానిక్ గారికి మూడు గంటలు పట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో కళ్ళు మూసుకుని పెట్టదగ్గ ఖర్చు ఇదొక్కటే.

ఇక మే 17, 18. చక్రాల ఎడం సరిచేయడం. ఎవరూ దీని గురించి గట్టిగా చెప్పరు గానీ అంతరసేద్యంలో, అంటే సాళ్ళ మధ్య దున్ని కలుపు తీయడంలో, సగం పని ఇదే. నేను సాలుకీ సాలుకీ 30 అంగుళాలు పెట్టాలనుకున్నాను. ట్రాక్టర్ రెండు సాళ్ళని కడుపు కింద పెట్టుకుని నడవాలంటే వెనక టైర్లు మధ్య నుంచి మధ్యకి 60 అంగుళాల ఎడంలో ఉండాలి. అప్పుడు ఒక్కో టైరు తన సందులో సరిగ్గా నడిమధ్యన పోతుంది. ఈ బండి వెనక చక్రాలని 48 నుంచి 76 అంగుళాల దాకా నాలుగేసి అంగుళాల చొప్పున మార్చుకోవచ్చు. రిమ్ముని, డిస్కుని అటూ ఇటూ తిప్పి బిగిస్తే ఒక్కో రకంగా ఒక్కో ఎడం వస్తుంది. మాది 52లో ఉంది.

వినడానికి సులువే. ఆ నట్లు ఎప్పుడు విప్పారో ఎవరికీ గుర్తులేదు. శనివారం సాయంత్రం తుప్పు వదిలించే నూనె పోసి వదిలేసి, ఆదివారం నాలుగడుగుల పైపు స్పానర్‌కి తొడిగి దాని మీద నిలబడితే కదిలాయి. పదహారులో మూడు విరిగాయి. చక్రం తిప్పేటప్పుడు చిన్న మెలిక ఉంది: తిప్పి అదే పక్క బిగిస్తే టైరు మీది గాడులు ఎదురు దిక్కుకి తిరిగిపోతాయి. కుడి చక్రం ఎడమకి, ఎడమది కుడికి మార్చాలి. నేను ఒకటి బిగించేశాక చూసుకున్నాను. మళ్ళీ విప్పడానికి గంటన్నర. ముందు ఇరుసు తేలిక. బోల్టులు తీసి రెండు కొసలూ సమంగా బయటికి లాగి బిగించడమే, స్టీరింగ్ రాడ్లని ముట్టుకోనక్కర్లేదు. ఆ డిజైన్ చేసినవాళ్ళకి చేలో పనిచేసిన అనుభవం ఉండి ఉండాలి.

జూన్ 3న విత్తాను. రెండు సాళ్ళ ప్లాంటర్, మొక్కకీ మొక్కకీ 8 అంగుళాలు, 180 మీటర్ల సాళ్ళు, 59 తిరుగుళ్ళు. ప్లాంటర్ పక్కన మార్కర్ అని ఒక చెయ్యి ఉంటుంది. తర్వాతి తిరుగుడులో ముందు చక్రం ఎక్కడ నడవాలో అది నేల మీద గీత గీస్తుంది. ఇరవై రెండో తిరుగుడులో దాని పిన్ను ఎక్కడో పడిపోయింది. మబ్బు పట్టి ఉంది. వెతికే ఓపిక లేదు. ఆరు తిరుగుళ్ళు కంటి అంచనాతో వేసి, తర్వాత తీగ కట్టి మార్కర్‌ని మళ్ళీ దించాను. గట్టు మీద నుంచి చూస్తే నేల అంతా ఒకలాగే ఉంది. విత్తనం కనబడదు కదా.

ఆ రాత్రి వాన పడింది. ఆరో రోజు మొలకలు వచ్చాయి. తొలి పాటు 12వ తేదీన అనుకున్నాను, అప్పటికి కలుపు మొలకలు కింద తెల్ల దారం లాంటి వేరుతో మట్టిని అప్పుడే పట్టుకుంటున్నాయి. చంపడానికి అదే సమయం. వేలితో కదిపినా చచ్చిపోతాయి. కానీ 11 రాత్రి మళ్ళీ వాన, మూడు రోజులు విడవకుండా. తర్వాత నేల దున్నే పదునుకి ఆరడం కోసం మరో మూడు రోజులు. రోజూ పొద్దున్నే చేలోకి వెళ్ళి పిడికెడు మట్టి ఒత్తి చూడటం, ముద్ద విడకపోవడం, తిరిగి రావడం. తడిలో దిగితే టైర్లు నడిచిన చోటల్లా నేల ఇటుకైపోతుంది. ఎదురుచూసిన ప్రతి రోజూ కలుపు ఒక ఆకు వేసింది. పనిచేసిన రోజుల కంటే ఆ మూడు రోజులే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేశాయి.

జూన్ 17, విత్తిన పద్నాలుగో రోజు, మధ్యాహ్నం దిగాను. నాన్న పొద్దున దిగనివ్వలేదు. పొద్దున మొక్కజొన్న నీళ్ళతో బిర్రుగా ఉండి తగిలితే పుటుక్కున విరుగుతుంది, ఎండెక్కాక కాస్త వాడి వంగుతుంది. పైగా పెకలించిన కలుపుని ఎండ మాడ్చేస్తుంది. మబ్బులో తీస్తే మళ్ళీ వేరు దిగుతుంది.

కల్టివేటర్‌కి ఏడు కర్రులు, బాతు పాదంలా వెడల్పువి. నడిమి సందులో మూడు, అటూ ఇటూ సగం సందుల్లో రెండేసి. సాలుకి నాలుగు అంగుళాలు వదిలి, రెండు అంగుళాల లోతు. అంతకంటే లోతుకి పోతే మొక్క వేళ్ళు తెగుతాయి. సాళ్ళ పక్కన మట్టి పడకుండా రేకులు. లో రేంజిలో రెండో గేరు. మొదట, లాగే బరువుని బట్టి లోతు సర్దే డ్రాఫ్ట్ లివర్‌తో లోతు పట్టుకోబోయాను, నేల గట్టిగా తగిలిన ప్రతిసారీ కల్టివేటర్ దానంతటదే పైకి లేచిపోయింది. పూర్తిగా కిందికి దించేసి బరువంతా లోతు చక్రాల మీద వదిలితే సమంగా నడిచింది. లిఫ్ట్ చేతుల పక్కన గొలుసులు వదులుగా ఉంటే కల్టివేటర్ తోక ఊపినట్టు ఊగుతుందని మొదటి తిరుగుడులోనే తెలిసింది. ఆపి బిగించాను.

వెనక నడిచిన రోజుల్లో నాకు తెలియనిది ఒకటుంది. వెనక తగిలించిన కల్టివేటర్, స్టీరింగ్ ఎటు తిప్పితే ముందు దానికి ఎదురు వైపు జరుగుతుంది. కర్రు కుడి సాలుకి దగ్గరైందని చూసి కంగారుగా ఎడమకి తిప్పామా, బండి తోక కుడికి కొట్టి ఆ సాలునే తినేస్తుంది. మొదటి గంట నా చేతులకి అది ఎక్కలేదు. సాళ్ళ పంటల కోసమే ట్రాక్టర్ తయారుచేసినవాళ్ళు ఈ చిక్కు ముందే చూశారు. 1924లో వచ్చిన ఫార్మాల్‌కి కల్టివేటర్ ముందు వైపు, డ్రైవర్ కళ్ళ ముందే బిగించుకునేవాళ్ళు. 1948 నాటి అల్లిస్–చామర్స్ జి లో అయితే ఇంజన్నే డ్రైవర్ వెనక్కి పంపేశారు, ముందు కర్రులూ మొక్కలూ తప్ప ఇంకేమీ అడ్డం ఉండదు. మా బండి అన్ని పనులకీ చేసింది, దీనికి ప్రత్యేకంగా కాదు. కాబట్టి మెడ తిప్పాలి. నేనూ నాన్నలాగే కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగాను. అలా తిరిగితే ఎడమ చెవి సరిగ్గా ఇంజన్‌కి ఎదురవుతుంది. గంటకి ఆ చెవిలో ఈల మొదలైంది. నాన్న ఎన్ని వేల గంటలు అలా కూర్చున్నాడో. మర్నాటి నుంచి చెవులకి మఫ్లు లేకుండా ఎక్కలేదు.

సాయంత్రం నాలుగున్నరకి ఒక కర్రు బోల్టు వదులైంది. చేను మధ్యలో ఆపి, బిగించి, కొసకి పోయి మళ్ళీ లోపలికి తిరిగాను. తిరిగేటప్పుడు ఒక సాలు పక్కకి దిగాను. అంటే ప్లాంటర్ ఒకే తిరుగుడులో విత్తిన జంట కాకుండా, ఒక తిరుగుడులోని రెండో సాలునీ తర్వాతి తిరుగుడులోని మొదటి సాలునీ కడుపు కింద పెట్టుకున్నాను. మామూలుగా అయితే ఫర్వాలేదు, అన్నీ 30 అంగుళాలే. కానీ అది మార్కర్ లేకుండా విత్తిన చోటు. ఆ రెంటి మధ్యా ఉన్నది 22 అంగుళాలు. నడిమి మూడు కర్రులూ కలిసి కోసే వెడల్పు కూడా సరిగ్గా 22.

నేను బయటి కర్రుల్నే చూస్తున్నాను. నడిమివాటి వైపు చూసేసరికి 12 మీటర్లు అయిపోయింది. రెండు సాళ్ళూ శుభ్రంగా, గీసినట్టు, నేల లోపల కోసుకుపోయాయి. దాదాపు 120 మొక్కలు. ఇంకా నిలబడే ఉన్నాయి, అదే దారుణం. ముట్టుకుంటే చేతిలోకి వచ్చేశాయి. మొక్కజొన్నకి లేతప్పుడు పెరిగే మొగ్గ భూమి లోపలే ఉంటుంది, పైన ఆకులు తెగినా మళ్ళీ లేస్తుంది. కానీ నా కర్రు ఆ మొగ్గ కింద నుంచి పోయింది. నేను స్టాప్ నాబ్ లాగి ఇంజన్ ఆపేసి టైరు నీడలో కూలబడ్డాను.

నాన్న కర్ర పట్టుకుని వచ్చాడు. గట్టు నుంచి అంత దూరం రావడానికి ఆయనకి పావుగంట పట్టింది. వంగి ఒక మొక్క తీసి చూశాడు, జేబులోంచి టేపు తీసి సాళ్ళ మధ్య కొలిచాడు.

"ఇవి ఇవాళ పోయినవి కావు అమ్మాయ్. విత్తిన రోజునే పోయాయి. అప్పుడు కనబడలేదంతే."

తర్వాత ఇద్దరం కలిసి ఆ ఆరు తిరుగుళ్ళూ కొలిచాం. తిరుగుడుకీ తిరుగుడుకీ మధ్య 22 నుంచి 37 అంగుళాల దాకా ఉంది. విత్తనపు జంటని వదలకుండా నడిస్తే ఏ మొక్కా పోదు. 22 ఉన్న చోట మాత్రం టైరు అంచుకీ పక్క సాలుకీ మధ్య మిగిలేది ఒకటిన్నర అంగుళం. 37 ఉన్న చోట రెండు వైపుల నుంచి వచ్చినా నడుమ ఏడంగుళాల కలుపు పట్టీ మిగిలిపోతుంది. ప్రతి జంటకీ మొదట్లో ఒక పుల్ల గుచ్చి గుర్తు పెట్టాం. నా చిన్నప్పటి పుల్లలే, వేరే పని మీద.

ఇంటికి వెళ్ళేముందు నాన్న బండి ముందు నిలబడి ఇరుసు చూసి, "చువ్వ ఏది?" అన్నాడు.

"ఏ చువ్వ?"

"గొలుసు చువ్వ. అది కట్టకుండా తోలావా?"

తలుపుకి అడ్డంపెట్టిన చువ్వ! వంచిన కొస ముందు ఇరుసుకి తగిలించి బిగిస్తే గొలుసు సరిగ్గా ఎడమ సాలు మీద వేలాడుతుంది. డ్రైవర్ కళ్ళు ఆ గొలుసు కొస మీదే ఉండాలి. గొలుసు సాలు మీద నడుస్తున్నంతసేపూ వెనక కర్రులు వాటి చోట అవి ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రం వెనక్కి చూసుకుంటే చాలు, బోల్టులు ఉన్నాయో లేదో, కర్రులకి గడ్డి చుట్టుకుందో లేదో అని. నేను అన్నాళ్ళు వెనక నడిచినా ఆ చువ్వని ఎప్పుడూ చూడలేదు, చూసే వీలే లేదు. నాన్నకేమో అది లేకుండా ఎవరైనా దిగుతారన్న ఆలోచనే రాలేదు.

జూన్ 18న మిగతాది పూర్తిచేశాను. గొలుసు మీద చూపు పెడితే తేడా అంతా ఇంతా కాదు. 180 మీటర్లకి మూడు నిమిషాలు, తిరగడానికి ఒక నిమిషం. లెక్క ప్రకారం నాలుగు ఎకరాలూ నాలుగు గంటల్లో అయిపోవాలి. రెండు రోజులూ కలిపి నాకు ఏడున్నర గంటలు పట్టింది, డీజిల్ 19 లీటర్లు. వెనక చక్రాల నట్లు మొదటి రోజు సాయంత్రమే మళ్ళీ బిగించాల్సి వచ్చింది. మార్చిన చక్రాలు మొదటి కొన్ని గంటల్లో కచ్చితంగా వదులవుతాయి. మెడ మాత్రం నాలుగు రోజుల దాకా కుడి వైపు తిరగలేదు.

రెండో పాటు జూన్ 29న. మొక్కలు మోకాలెత్తు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. రేకులు తీసేశాం. కర్రుల్ని సాలు నుంచి ఇంకో రెండు అంగుళాలు దూరం జరిపి లోతు తగ్గించాం, వేళ్ళు అప్పటికే సందుల్లోకి పాకి ఉంటాయి కాబట్టి. ఒక గేరు పెంచి తోలాను. ఆ వేగానికి మట్టి పక్కకి లేచి సాలులోకి పడి, కర్రుకి అందని చోట మొలిచిన చిన్న కలుపుని కప్పేస్తుంది. రెండు వారాల కిందట ఏ మట్టి పడకూడదని రేకులు కట్టానో ఇప్పుడు అదే మట్టి కావాలి. నాలుగు గంటలా పది నిమిషాలు, 13 లీటర్లు. అన్నయ్య కూతురు వెనకే నడిచింది, సరదాకి. తీయాల్సిన మొక్కలు ఆరో ఏడో ఉన్నాయి.

బోదెలు ఎగదోయడానికి మూడో పాటు కూడా వేద్దామనుకున్నాను. జూలై మొదటి వారంలో ఒక సాలు చివర పది అడుగులు దిగి చూస్తే ముందు ఇరుసు మొక్కల్ని వంచడం కాదు, విరుస్తోంది. ఈ బండి కడుపు అంత ఎత్తుకాదు. వెనక్కి తీసి షెడ్డులో పెట్టేశాను. కర్రులు కడిగి పాత ఇంజనాయిల్ పూశాను. టూల్ బాక్స్ మూత లోపల పెయింట్‌తో రాసిపెట్టాను: వెనక 60, సాలు 30, రెండో గేరు లో, పీటీఓ లివర్ వేయాలి, చువ్వ ఇక్కడే.

ఇప్పుడు చేను తలెత్తు అయింది. గట్టు మీద నుంచి చూస్తే సాళ్ళు కనబడవు, అంతా ఒకే పచ్చదనం. ఆ 12 మీటర్ల చోట మాత్రం ఆకాశం కొంచెం కిందికి దిగినట్టు ఒక నొక్కు ఉంది. నాన్న రోజూ సాయంత్రం వచ్చి కుర్చీ వేసుకుని మొట్టమొదట అటే చూస్తాడు. ఏమీ అనడు. వచ్చే ఏడు విత్తే ముందు మార్కర్ పిన్నులు నాలుగు తెచ్చి జేబులో వేసుకుంటాను.